లద్దె మండపం

పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఆ పాత దొరవారి తోటలో పెద్ద తోటమాలి ఒక ఆడమనిషి. నడుముకు కొమ్మలు కత్తిరించే కత్తెర లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు కాబట్టి అందరూ కత్తెరమ్మ అనేవారు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే పని. పెళ్ళివాళ్ళంటే మాత్రం ఆవిడకు ఒళ్ళుమంట. నిక్షేపంలాంటి తెల్ల గులాబీలకు బంగారు రంగు కొట్టించే తల్లులు, పూయని తీగకు ప్లాస్టిక్ పూలు కట్టించే తండ్రులు, ఫొటో కోసం పూలపాదుల్లోకి చెప్పులతో దిగిపోయే చుట్టాలు. ఇన్నేళ్ళలో వీళ్ళెవరూ ఒక్క చెట్టు పేరు అడిగిన పాపాన పోలేదు.

వీళ్ళందరినీ కలిపినా మేనేజరుకు సాటిరారు. తోట చివర పన్నెండు రాతి స్తంభాల మీద కప్పు వేసిన కట్టడం ఒకటుంది. దానికతను ప్రేమ మండపం అని పేరు పెట్టాడు. మంచం పట్టిన భార్య వెన్నెల చూడాలని దొరగారు దాన్ని గోడలు లేకుండా కట్టించారట. అక్కడ చేతులు పట్టుకున్న జంట ఎన్నటికీ విడిపోదట. అలా పట్టుకున్న ఒక జంట విడిపోయి, చెరొక కొత్త మనిషిని వెంటబెట్టుకుని రెండో పెళ్ళికి మళ్ళీ అక్కడికే రావడం కత్తెరమ్మ కళ్ళారా చూసింది. మేనేజరు ఇద్దరికీ అదే కథ చెప్పాడు. ఇద్దరూ మొదటిసారి విన్నట్టే విన్నారు.

ఆ కథలో ఆవిడకూ ఒక వేషం ఉంది. కథ ముగియగానే మేనేజరు పక్కకు తిరిగి చెయ్యి చాపేవాడు. ఇస్త్రీ చేసిన ముతక ఏప్రన్‌తో, చేతిలో పూలబుట్టతో ఆవిడ ముందుకొచ్చి, “మా ముత్తాతల కాలం నుంచీ ఈ తోటని మేమే చూసుకుంటున్నామండీ” అనాలి. ఆవిడ వంశంలో అంతకుముందు మొక్క ముట్టినవాళ్ళు లేరు. తండ్రి బస్సు నడిపేవాడు. ఆవిడేమో పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకుని వచ్చింది. మొదట్లో ఆ మాట అనడానికి నాలుక తడబడేది, తర్వాత అలవాటైపోయింది. ఎవరిని ఎంత చిన్నచూపు చూసినా, ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆవిడ తన కాళ్ళవంకే చూసుకునేది.

ఆ శనివారం పెళ్ళికూతురి వాళ్ళు పొద్దున్నే దిగారు. వాళ్ళతో పాటు చేతికర్ర పట్టుకుని పెళ్ళికూతురి నాయనమ్మ కూడా వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మేనేజరు కథ వెన్నెల దాకా వచ్చేసరికి పెళ్ళికూతురి తల్లి కళ్ళొత్తుకుంటోంది. ముసలావిడ మాత్రం స్తంభాల మధ్యకు వెళ్ళి, కర్రతో నేలను తట్టి చూసింది. అప్పుడే కత్తెరమ్మ తన ముక్క అప్పజెప్పింది.

ముసలావిడ చప్పున తల తిప్పింది. “ఎవరి తాలూకమ్మా నువ్వు? నా చిన్నప్పుడు ఇక్కడ తోటపనివాళ్ళంతా నాకు తెలుసు. మీ తాత ఎవరు, మెల్లకన్నాయనా, కుంటాయనా?”

మేనేజరు కంగారుగా నవ్వి, అమ్మగారికి ఎండ తగులుతోంది, చల్లగా ఏదైనా తాగుతారా అన్నాడు. ఆవిడ అతని వంక చూడను కూడా లేదు. కుంటాయన అనేస్తే అక్కడితో పోయేది. ఆ మాట కత్తెరమ్మ నోటిదాకా వచ్చింది కూడా. కానీ తనవాళ్ళెవరో ఇంకా మిగిలి ఉన్నారన్న ఆశ ఆ ముసలి ముఖంలో కనబడేసరికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

“నేనెవరి తాలూకూ కాదమ్మా. మా నాన్న బస్సు డ్రైవరు. ఇలా చెప్పమన్నారు, చెబుతున్నాను.”

ముసలావిడకు కోపం రాలేదు.

“పోనీలే, నిజం చెప్పావు. ఇది మండపమూ కాదు, పాడూ కాదు. గుర్రాల లద్దె పోసే కొట్టం. గాలాడకపోతే కంపు భరించలేమని గోడలు పెట్టలేదు.”

తర్వాత నెమ్మదిగా మిగతాదీ చెప్పింది. పదేళ్ళప్పుడు తనూ తన తల్లీ ఆ లద్దె తట్టలు మోశారు. దొరసానికి జబ్బూ లేదు, గిబ్బూ లేదు, దుక్కలా ఉండేది. రాలిన బేరిపండు ఒకటి తీసి కొరికినందుకు ఆవిడే తనను ఇదే స్తంభం దగ్గర ఎండలో సాయంత్రం దాకా నిలబెట్టింది. తల్లి తట్ట మోస్తూ అటూ ఇటూ నడిచిందే తప్ప దగ్గరికి రావడానికి ధైర్యం చేయలేదు.

“ఇదంతా మాకెప్పుడూ చెప్పలేదేం నాయనమ్మా?” అంది పెళ్ళికూతురు.

“చెప్పుకునేంత గొప్ప సంగతా?”

పెళ్ళికూతురి తల్లి కళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. వియ్యాలవారి చెవిన పడుతుంది, కాస్త మెల్లగా మాట్లాడండి అని అత్తగారిని బతిమాలుతోంది.

కత్తెరమ్మ బుట్ట కింద పెట్టి, ముసలావిడ చెయ్యి పట్టుకుని తూర్పుగోడకు ఆనించి పెంచిన బేరి చెట్ల దగ్గరికి నడిపించింది. అక్కడ కాయలు కోయరాదని బోర్డు, అడ్డంగా తాడు. కత్తెరమ్మ తాడు పైకెత్తి ఆవిడను లోపలికి దాటించింది. బాగా పండినదాన్ని ఏరి కోసి చేతికిచ్చింది. ముసలావిడ రెండు ముక్కలు కొరికి నమిలింది.

“చప్పగా ఉంది,” అంది. “దీనికా అంత సేపు నిలబెట్టింది, దిక్కుమాలినది.”

అలా అని కాయంతా తినేసింది.

పెళ్ళి ఆ స్తంభాల మధ్యే జరగాలని పెళ్ళికూతురు పట్టుబట్టింది. తల్లి మాత్రం ఎవరూ చూడకుండా ఆ నేలంతా సెంటు చల్లించింది, డెబ్బై ఏళ్ళ కిందటి లద్దె ఇంకా వాసనేస్తుందేమోనని.

సోమవారం మేనేజరు పిలిస్తే, ఉద్యోగం పోయిందనే అనుకుని వెళ్ళింది కత్తెరమ్మ. కానీ గోడకు ఆనించి పెంచిన ఆ చెట్లను కత్తిరించడం చేతనైన మనిషి ఇంకొకరు దొరకరని అతనికి తెలుసు. అందుకని వేషం ఒక్కటే పీకేశాడు. నాటకాల్లో వేషాలు వేసి మానేసిన ఒకాయన్ని తెల్లగడ్డంతో ముత్తాతల వారసుడిగా నిలబెట్టాడు. ఆయనకు గులాబీకీ గన్నేరుకూ తేడా తెలియదు. గొంతు మాత్రం గంటలా మోగుతుంది. మేనేజరు అంతటితో ఊరుకోలేదు. ఇప్పుడు కథలో మంచం పట్టిన దొరసాని, లద్దె మోసే పేదపిల్లను దగ్గరికి పిలిచి, తన చేత్తో బేరిపండు తినిపిస్తుంది. అక్కడికి వచ్చేసరికి పెళ్ళివాళ్ళు తప్పకుండా ఏడుస్తారు.

ఆ మాటలు చెట్ల చాటు నుంచి మొదటిసారి విన్నరోజు కత్తెరమ్మకు చేతిలో పని సాగలేదు. అప్పటినుంచీ ఆ పక్కకు వచ్చి పలకరించినవాళ్ళందరికీ జరిగింది జరిగినట్టు చెబుతోంది. మేనేజరుకు తెలిసినా ఏమీ అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు. చాలామంది “అలాగా” అని, బాత్రూమ్ ఎటువైపని అడుగుతారు. ఆవిడ చేత్తో చూపించి, వచ్చే ఇంకొకరి కోసం చూస్తుంది.