దిగాల్సిన పనిలేని ఊరు

ఫ్రిజ్‌లో డబ్బాల మీద చీటీలు అంటిస్తున్నాను. "ఈ పూటకి", "రేపటికి", "ఇది వేడి చేయాలి", "ఇది చేయక్కర్లేదు". మా అత్తగారు వంటింటి గుమ్మం దాకా కుర్చీ లాక్కుని కూర్చుని చూస్తూ, "మీ అక్కకి మోకాలు నొప్పొస్తే మాకు చల్లటి కూర తినే యోగం పట్టిందన్నమాట," అన్నారు. ఆవిడ చెడ్డమనిషేం కాదు. ఆవిడ కాలంలో డబ్బాల మీద చీటీలు అంటించి వెళ్ళిపోవచ్చని ఎవరూ చెప్పలేదు, అంతే. మా ఆయన హాల్లోంచి, "టీ జల్లెడకి కూడా ఓ చీటీ పెట్టవోయ్," అని కేకేశారు. హాస్యమే. నేనూ నవ్వాను. నవ్వుతూనే జల్లెడకి కూడా చీటీ అంటించాను.

అక్కకి మోకాలు నొప్పి లేదు. నొప్పి ఉందన్న సంగతి అక్కకి కూడా అంతకుముందు రోజే తెలిసింది.

"నాకేం రోగం పెట్టావే?" అంది ఫోన్లో.

"మోకాలు."

"ఏ కాలు?"

"ఎవరూ అడగలేదు."

"అడిగితే ఎడమది అను. కుడిది నిజంగానే నొప్పి, దాన్ని ఇందులోకి లాగకు." మళ్ళీ తనే, "ఇంతకీ ఎక్కడికే?" అంది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "అక్కడ మనవాళ్ళెవరున్నారు?" అంది.

ఎవరూ లేరు. అక్క ఊరికి వెళ్ళే రైలు దారిలో ఆ స్టేషన్లో కాసేపు ఆగుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఊరిని కిటికీలోంచే చూస్తున్నాను. పొడుగాటి కాలేజీ గోడ, దాని వెనక గడియారం ఉన్న బురుజు, సైకిళ్ళ మీద అమ్మాయిలు, వరసగా జిరాక్స్ షాపులు. రైలు ఆగినప్పుడల్లా మా ఆయన, "గడియారం కూడా పనిచేయని ఊరు. ఇక్కడ దిగాల్సిన పని ఎవరికి పడుతుందో," అనేవారు. నిజమే, ఆ గడియారం ఎప్పుడు చూసినా పావుతక్కువ నాలుగే. మా అబ్బాయి ఒళ్ళో ఉన్నప్పుడూ అంతే, వాడు ఉద్యోగానికని ఇల్లు వదిలాకా అంతే. నేను మాత్రం రైలు కదిలిన ప్రతిసారీ ఆ గోడ పక్కన నడుస్తున్నట్టు ఊహించుకునేదాన్ని. చేతిలో సంచీ ఉండదు, వెనకాల ఎవరూ ఉండరు. ఎక్కడికైనా వెళ్ళమంటే మనుషులు మంచుకొండలు కోరుకుంటారు, సముద్రాలు కోరుకుంటారు. డిగ్రీ చదువుకున్నదాన్ని, జిరాక్స్ షాపులు చూడాలనుందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే మోకాలు.

ఆ స్టేషన్లో దిగుతుంటే ఎదురు సీటు పెద్దాయన కంగారుపడ్డాడు. "ఇది కాదమ్మా, మీ అక్కగారి ఊరు ఇంకా చాలా ఉంది." అప్పటికే ఆయనకి కూడా మోకాలి కథ చెప్పేశాను మరి. "ఫర్లేదండీ," అని, ఎందుకో "సారీ అండీ" అని కూడా అని దిగిపోయాను.

కాలేజీ వెనక సందులో చవక లాడ్జి ఒకటి దొరికింది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు దిగే చోటు. నడిపేది ఒక ఆడమనిషే, నా వయసుదే ఉంటుంది, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది.

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నేనండీ."

"ఏం పని మీద వచ్చారు?"

తప్పుగా ఏం అడగలేదు, అందర్నీ అడిగేదే. ఊరు చూడటానికి అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆవిడ వెనక కిటికీలోంచి ఊరు కనిపిస్తోంది. ఎండలో ఒక ఆవు, మూసిన పుస్తకాల షాపు, పంక్చర్లు వేసేచోట మూడు టైర్లు. అది చూడటానికి వచ్చానంటే నన్ను ఆవిడ ఎలా చూస్తుందో ఊహించుకున్నాను.

"మా అమ్మాయిని ఇక్కడ చేర్పిద్దామని," అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. "మంచి పని చేశారు. ఏం చదివిస్తారు?"

"జాగ్రఫీ." రైలు కిటికీలోంచి తప్ప ప్రపంచం చూడనిదాన్ని, అబద్ధం చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సబ్జెక్టు ఎక్కడ దొరుకుతుంది.

గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి అద్దం. తలుపేసుకుని హాయిగా పడుకోవాలి కదా. వాష్‌బేసిన్‌లో మరక కనిపించింది. సబ్బుతో అది తోమాక అద్దం మాసినట్టు అనిపించింది. అద్దం తుడిచాక నేల. చీపురు మూలనే ఉంది, ఉంటే ఊరుకుంటానా. దుప్పటి దులిపి, నాలుగు మూలలూ లాగి మడిచి, నా బట్టలు మళ్ళీ సంచీలోనే సర్ది, సంచీ మంచం కిందకి తోశాను. అప్పుడు కుర్చీలో కూర్చున్నాను. ఎవరో వచ్చి సరిగ్గా చేశావా అని చూస్తారేమో అన్నట్టు కూర్చున్నాను.

ఫోన్ మోగింది. "టీ జల్లెడ ఏదీ?" అన్నారు మా ఆయన.

"చీటీ అంటించానుగా."

"చీటీ ఉంది. దాని కింద జల్లెడ ఉందని తెలియక పక్కన పెట్టాను. సరే, దొరికింది. అక్కకి ఎలా ఉంది?"

"ఫర్లేదు," అన్నాను. అక్క విషయంలో అది నిజమే.

మధ్యాహ్నం కాలేజీ గోడకి ఆనుకుని ఉన్న మెస్సుకి వెళ్ళాను. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో ఉన్నారు. వడ్డించే ఆవిడ ఇంకో గిన్నె తేవడానికి లోపలికెళ్ళింది. ఇక్కడేమో గరిటె జారి కూరలో మునిగిపోతోంది. చూస్తూ ఊరుకోలేక పట్టుకున్నాను. పట్టుకోగానే నా ముందుకి ఒక కంచం వచ్చింది. వడ్డించాను. ఇంకో కంచం వచ్చింది. "ఆంటీ, ముక్కలు వేయండి, అంతా నీళ్ళే పోస్తున్నారు," అంది ఒక పిల్ల. "అయ్యో, సారీ అమ్మా," అని ముక్కలు ఏరి వేశాను. వడ్డించే ఆవిడ తిరిగొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "కొత్తగా చేరావా?" అని, నా చేతి ఒడుపు చూసి, "బాగానే ఉందిలే. ఆ వరస కూడా చూడు," అంది.

నేను తినడానికి వచ్చానండీ అని చెప్పాలి. చిన్న మాట. చెప్పకుండా ఆ వరస మొత్తం వడ్డించి, చేతులు కడుక్కుని, తినకుండా బయటికొచ్చేశాను.

రోడ్డు మీద చెవులు మండిపోయాయి. అవమానం చేశారందామంటే ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్ల మర్యాదగానే అడిగింది, ఆవిడ మెచ్చుకుంది కూడా. అంత దూరం నుంచి దొంగతనంగా వచ్చి నేనే వెళ్ళి గరిటె పట్టుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన చుట్టాలతో, "మా ఆవిడకి ఖాళీగా కూర్చోవడం చేతకాదు," అని గొప్పగా చెప్పేవారు. నేనూ పతకం ఇచ్చినట్టు తలొంచుకుని తీసుకునేదాన్ని. అది పతకం కాదని తెలుసుకోవడానికి ఇంత వయసు వచ్చిందంటే, ఇంకొకర్ని ఏమనడానికి నోరొస్తుంది. రెండు అరటిపళ్ళు కొనుక్కుని, ఎన్నేళ్ళుగానో ఊహించుకున్న ఆ గోడ పక్కనే, ఎవరైనా చూస్తున్నారేమోనని కొంగు సర్దుకుంటూ తిన్నాను. గోడ చివరిదాకా నడిచి మలుపు తిరిగాను. గడియారం బురుజు రెండో వైపు అప్పుడే మొదటిసారి చూడటం. ఆ వైపు ముల్లు కదులుతోంది. చేతి గడియారంతో పోల్చి చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

మర్నాడు పొద్దున కిందికి దిగితే లాడ్జి ఆవిడ నవ్వుతోంది. "నిన్న మీరు బయటికెళ్ళాక గది ఊడ్చే మనిషి మీ తలుపు తీసి చూసి వెనక్కొచ్చేసిందండీ. ఆ గదిలో ఎవరూ దిగలేదు కదా, ఎందుకు ఊడవమన్నారు అని నన్నే అడుగుతోంది."

నేనూ నవ్వాను.

"మీకొక మంచి వార్త," అంది ఆవిడ. "హాస్టల్ వార్డెన్ నాకు బాగా తెలుసు. ఇంకొక్క సీటే మిగిలిందట. మీ కోసం ఆపమన్నాను. పదండి, గది చూద్దురుగాని."

అప్పుడు చెప్పేయాల్సింది. కానీ ఆవిడ అప్పటికే చెప్పులేసుకుంది. నా కోసం ఒకరు చెప్పులేసుకుని బయల్దేరడం నాకు కొత్త. వెనకే నడిచాను.

హాస్టల్ వరండాలో ఒక తల్లీ కూతురూ సంచుల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళని దాటుకుని వార్డెన్‌గారు మమ్మల్ని పైకి తీసుకెళ్ళారు. చిన్న గది. కిటికీ ముందు బల్ల, బల్ల మీద దీపం, మంచం. కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తున్నాయి. రైల్లోంచి చూసే మనిషిని ఇక్కణ్ణుంచి చూడొచ్చన్నమాట. అడక్కుండానే మంచం మీద కూర్చున్నాను.

"అమ్మాయి పనులు చేసుకోగలదా?" అన్నారు వార్డెన్‌గారు.

"ఒక్క పనీ రాదండీ," అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినపడింది.

"నేర్పలేదా?"

"లేదు. కావాలనే."

ఆవిడ చిత్రంగా చూశారు. నాకు మాత్రం ఆ లేని పిల్ల మీద అప్పటికే బెంగ మొదలైంది. బల్ల నిండా పటాలు పరుచుకుని, తిన్న కంచం పక్కకి తోసేసి, పక్క మడవకుండా క్లాసుకి పరిగెట్టే పిల్ల.

"సరే, అయితే కింద ఉన్నవాళ్ళకి లేదని చెప్పేస్తాను," అన్నారు వార్డెన్‌గారు. "పాపం, నిన్నట్నుంచి కూర్చున్నారు. ఈవిడ ముందే మాట తీసుకుంది కాబట్టి..."

లేచి నిలబడ్డాను.

"వద్దండీ. వాళ్ళకే ఇవ్వండి. నాకు అమ్మాయి లేదు."

లాడ్జి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ నన్ను చూసింది. "లేకపోవడమేంటండీ? జాగ్రఫీ అన్నారు కదా."

"ఒక్కడే కొడుకు. ఉద్యోగం చేసుకుంటున్నాడు."

"మరి ఈ గది ఎవరికి చూస్తున్నట్టు?"

తలెత్తలేకపోయాను. "నేను ఊరికే వచ్చాను. ఊరు చూడటానికి. అలా చెప్పుకోవడానికి సిగ్గేసి అబద్ధం చెప్పాను."

"ఈ ఊరా?" అన్నారు వార్డెన్‌గారు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆవిడ గొంతులో. "ఇక్కడేముందని?"

లాడ్జి ఆవిడ నాకోసం ఇంకొకరి దగ్గర మాట పోగొట్టుకుంది. నన్ను వెనకే వదిలేసి మెట్లు దిగిపోయింది. వరండాలో ఆ పిల్ల సంచులు ఎత్తుకుని పైకి పరిగెత్తింది. తల్లి మాత్రం ఆగింది. మా మాటలు కిందికి వినపడినట్టున్నాయి. నా దగ్గరకొచ్చి, కూతురికి వినపడకుండా అడిగింది. "ఒక్కరే వచ్చారా? ఊరికేనా?"

"ఊరికేనండీ."

"ఇంట్లో ఏమీ అనరా?"

"ఇంకా చెప్పలేదు."

"చెప్తే ఏమంటారో," అంది. నన్ను నిలదీస్తున్నట్టు లేదు. తను వెళ్ళబోయే దారి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టుంది.

సాయంత్రం రైలుకి వెళ్ళాల్సినదాన్ని. గదికొచ్చి సంచీ మంచం మీద పెట్టుకుని కూర్చుంటే ఫోన్ మోగింది.

"బయల్దేరావా? అక్క నడవగలుగుతోందా?"

"అక్క మోకాలికి ఏమీ కాలేదండీ. నేను అక్క దగ్గర లేను." గొంతు వణికింది. వణకనిచ్చాను. "మనం రైల్లో వెళ్తుంటే గడియారం కనిపిస్తుందే, ఆ ఊళ్ళో దిగాను."

"అక్కడేం పని?"

"పనేం లేదు."

అవతల టీవీ చప్పుడు వినపడుతోంది, అత్తగారు ఎవరూ, ఎవరూ అని అడగడం వినపడుతోంది. "ఎవరున్నారక్కడ?" అన్నారు చివరికి.

"నేనున్నాను."

ఆ మాట నాకే ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. "అమ్మకి ఏమని చెప్పను?" అన్నారు.

"ఊరు చూడటానికి వెళ్ళింది, ఎల్లుండి వస్తుంది అని చెప్పండి. మీకు చెప్పడానికి సిగ్గేస్తే అత్తయ్యకివ్వండి, నేనే చెప్తాను."

ఇవ్వలేదు. "‘రేపటికి’ అని రాసిన డబ్బా కూడా అయిపోయింది," అన్నారు నీరసంగా.

"అవునా," అన్నాను. ఎప్పుడూ దాని వెనకాల సారీ అండీ అన్న మాట వస్తుంది, అది నోటిదాకా వచ్చింది. మింగేశాను. "ఏమండీ, ఆ గడియారం నడుస్తోంది. రైలు వైపు ఉన్నదొక్కటే ఆగిపోయింది," అని ఫోన్ పెట్టేశాను.

కిందికెళ్ళి, ఇంకో రోజు ఉంటానని లాడ్జి ఆవిడకి చెప్పాను. నా వైపు చూడకుండానే, "ఏం పని మీద?" అంది. ఈసారి చెప్పాను. ఆవిడ రాసుకుంది.

సిగ్గు పోలేదు. మెస్సు తలుచుకుంటే చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. ఆ వార్డెన్‌గారు ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటాను. ఆ సిగ్గుతోనే ముసుగుతన్ని పడుకున్నాను, బాగా పొద్దెక్కాక లేచాను. టీ తాగిన గ్లాసు కిటికీలో వదిలేశాను, తడి తువ్వాలు కుర్చీ మీద పడేశాను. దుప్పటి సగం నేల మీదకి జారి ఉంది. చెయ్యి దానికోసం వంగింది. వెనక్కి తీసుకున్నాను.

గుమ్మంలో నిలబడి ఒకసారి చూసుకున్నాను. ఈ గదిలో ఎవరో ఉన్నారు. తాళం వేసుకుని, ఊరు చూడటానికి వెళ్ళాను.