ముసలాయన దాటేసిన అధ్యాయం

నేను ఒక రష్యన్ మహానవలకు ఇంగ్లీషులో పుట్టిన సరికొత్త అనువాదాన్ని. గట్టి అట్ట, బంగారు అక్షరాలు, రెండు చేతులూ పెడితే గానీ లేవని బరువు. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి. నన్ను తయారుచేసిన భార్యాభర్తలిద్దరూ ప్రతి వాక్యం దగ్గరా పోట్లాడుకుని, మాటలు మానేసి, మళ్ళీ రాజీపడి నన్ను పూర్తిచేశారు. అంత శ్రద్ధగా పెరగడం అందరికీ రాసిపెట్టి ఉండదు.

విజయవాడలో సువర్చల గారింటికి అట్టపెట్టెలో వచ్చాను. ఆవిడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. రష్యన్ ముక్క రాదు. మనవాళ్ళు చాలామంది చేసినట్టే, ఇంగ్లీషు పట్టుకుని ఆ నవలను తెలుగు చేస్తున్నారు. చేస్తున్నారేమిటి, చేసేశారు. నాలుగేళ్ళ చాకిరీ ముగిసి పుస్తకం ప్రెస్సుకు వెళ్ళబోతుండగా, పేపర్లో నా సంగతి చదివి, ఓసారి చూద్దామని తెప్పించుకున్నారు.

బల్ల మీద నాకంటే ముందే ఒక ముసలాయన ఉన్నాడు. అదే నవలకు ఎప్పటిదో పాతకాలపు ఇంగ్లీషు అనువాదం. అట్ట ఊడింది, కాగితాలు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. ఆవిడ ఇన్నాళ్ళూ నమ్ముకున్నది ఆయన్నే. పక్కన చేరగానే 'ఇక తప్పుకోవయ్యా పెద్దాయనా' అనుకున్నాను. కొత్తలో నాకు పొగరు కాస్త ఎక్కువే.

సువర్చల గారు నా మొదటి పేజీ కూడా చూడలేదు. తిన్నగా ఒకే చోటికి వెళ్ళారు. యుద్ధంలో కొడుకు పోయాడన్న కబురు తల్లికి చేరే చోటది. ముసలాయనలో కబురు అందగానే అధ్యాయం అయిపోతుంది, పేజీ తిప్పితే మంచు కరిగి వసంతం వచ్చేస్తుంది. కొడుకు పోయాడని విన్న తల్లి ఏం చేసిందో చెప్పకుండా కథ ముందుకు పోవడం ఆవిడ మనసుకు పట్టలేదు. అందుకని తెలుగు చేసేటప్పుడు ఆ తల్లి చేత తనే శోకాలు పెట్టించారు. కృష్ణా జిల్లా పల్లెల్లో ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ, పోయినవాడి మంచితనాలన్నీ ఒక్కొక్కటే ఎత్తుకుని ఏడుస్తారే, అచ్చం అలాగే సొంతంగా రెండు పేజీలు రాసి కలిపేశారు. ఒక వారపత్రిక నవలలోంచి మచ్చుకి ఆ భాగాన్నే వేసుకుంది. ఇక ఫోన్ల మీద ఫోన్లు. అచ్చు కాకముందే పుస్తకానికి పేరు తెచ్చింది ఆ రెండు పేజీలే.

నాలో ఆ తల్లి ఏం చేసిందో ఉంది. విసుగు పుట్టిస్తుందనుకున్నాడో ఏమో, ముసలాయన ఆ అధ్యాయాన్ని మొత్తం దాటేశాడు.

అందులో తల్లి ఏడవదు. కబురు తెచ్చిన సిపాయి బురదలో నడిచొచ్చాడని తడి బూట్లు విప్పించి పొయ్యి దగ్గర ఆరబెడుతుంది. వేడి వేడి సూపు పోసి, రొట్టె పెట్టి, ఇంకాస్త తిను అంటుంది. పక్క వేస్తుంది. కొడుకు గురించి ఒక్క మాటైనా అడగదు. పొద్దున్నే వాడు బయల్దేరుతుంటే, కొడుకు చేతితొడుగులు తెచ్చి వాడి చేతులకు తొడిగి తలుపు వేసుకుంటుంది.

సువర్చల గారు నన్ను మూసేసి, పబ్లిషరుని ఇంటికి రమ్మని ఫోన్ చేశారు. ఆవిడ ముఖం చూస్తే నాకే జాలేసింది.

పబ్లిషరు గోపాలం గారు తేలిగ్గా తీసుకున్నారు. "జనానికి నచ్చింది కదా మేడమ్! ఎవడొచ్చి అడుగుతాడండీ మనల్ని? రష్యన్ తెలిసినోడు బెజవాడలో ఎవడున్నాడు?"

"ఆ తల్లి ఏడవలేదండీ గోపాలం గారూ. నేనే ఏడిపించాను."

"బాగానే ఏడిపించారు కదండీ!"

"అదేనండీ తప్పు. ప్రెస్సువాళ్ళని ఆగమనండి. మొదటినుంచీ చూసుకోవాలి."

ఆయన నెత్తి పట్టుకున్నారు. మనుషుల్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఒకరికి లేనిది రాసినా చింత లేదు, ఇంకొకరికి ఉన్నది వదిలేస్తే నిద్ర పట్టదు. ఆ రెండో రకం మనిషి చేతిలో పడ్డందుకు ఆ రోజే గర్వపడ్డాను. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. ఇంత లావు పుస్తకం రాసుకునే కాగితాల పక్కన తెరుచుకుని ఉండదని, ఆవిడ కూరలు తరిగే కత్తి తెచ్చి నా వీపు నిలువునా కోసేశారు. బంగారు అక్షరాలు రెండుగా చీలాయి. నేను ఐదు కట్టలయ్యాను. అవమానంతో కుంగిపోయాను, దాచడమెందుకు?

అయితే ఆ మర్నాటి నుంచి ఆవిడ నన్ను చదివిన తీరు మీరు చూడాల్సింది. వాక్యం వాక్యం వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, మధ్యమధ్య ముసలాయన్నీ తిరగేస్తూ. కొన్నిచోట్ల ఆయనే నాకంటే బాగా చెప్పాడని ఆవిడ తేల్చారు. నేనూ ఒప్పుకోక తప్పలేదు. ఒక్కో కట్ట కాఫీ మరకలతో, పెన్సిల్ గీతలతో నలిగిపోతూ వచ్చింది. శోకాల పేజీలు రెండూ మాత్రం ఆవిడ మరోసారి పైకి చదువుకున్నారు. ఆ తర్వాత కొట్టేశారు.

డీటీపీ చేసే నసీమా ఇంటికే వచ్చి, ఆవిడ తెలుగు చేసిన కొత్త అధ్యాయం కంప్యూటర్లో టైపు చేసింది. ఆ అమ్మాయి తెలుగు మీడియం. పాత శోకాలు టైపు చేసిందీ తనే, అవి ఎంతో ఇష్టమని చెప్పిందీ తనే. చేతితొడుగుల దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"కొడుకు గురించి ఒక్క మాటన్నా అడగలేదా మేడమ్, ఆవిడ?"

"లేదమ్మా."

"తలుపు ఏసేసుకుందా?"

"ఆఁ."

నసీమా కుర్చీ వెనక్కి నెట్టి ముఖం కడుక్కోవడానికి లేచి వెళ్ళింది. బల్ల మీద నా మూడో కట్ట ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది. తిరిగొచ్చాక ఆ పిల్ల దాని వంక చూడనైనా చూడలేదు. తెలుగులో ఉన్నదే మరోసారి మొదటినుంచీ చదువుకుంది.