తాడు పట్టిన చెయ్యి

శనివారం పొద్దున లేవగానే యావ్ అమాంక్వా మొదట చేసే పని జేబుల్లో రాళ్ళు వేసుకోవడం. తలుపు పక్కన ఒక తట్ట నిండా వాగులో ఏరిన గుండ్రాళ్ళు ఉంటాయి. రెండు జేబుల్లో చెరి కాసిని, చొక్కా లోపల కుట్టించుకున్న సంచిలో ఒక పెద్దది. అప్పుడుగాని అతని చెప్పులు నేలకు ఆనవు. తరవాత మొక్కజొన్న జావ కాచుకుని, నిలబడే తాగి, గిన్నె కడిగి బోర్లిస్తాడు. ఒకటే గిన్నె, ఒకటే గరిటె. కెమెరా మెడలో వేసుకుని, నైలాన్ తాడు చుట్ట భుజాన తగిలించుకుని బయలుదేరతాడు.

మాంపోంగ్ ఊళ్ళో శనివారం అంటే చావుల రోజు. వారంలో ఎప్పుడు పోయినవాళ్ళైనా ఆస్పత్రి చల్లగదిలో శనివారం కోసం ఆగాల్సిందే. ఆ రోజు మైదానంలో నాలుగు వైపులా షామియానాలు వేస్తారు. ఊళ్ళవాళ్ళంతా నలుపు, ఎరుపు బట్టలు కట్టుకుని దిగుతారు. వచ్చినవాళ్ళు కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వరసగా నడుస్తూ, కుడి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి ఓదార్చి తమ చోటికి పోతారు. కుర్చీలో ఎవరున్నా సరే, వదిలిపెట్టడం ఉండదు. చెయ్యి చాపితే కాదనడమూ ఉండదు.

యావ్ మాత్రం ఎప్పుడూ కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఫోటోలు తీసేవాడికి కుర్చీ ఎందుకు? తన భార్య అబెనా చావులో కూడా అతను కూర్చోలేదు. ఇంకో ఫోటోగ్రాఫర్‌ని పిలుస్తామని బంధువులంటే, "నా భార్య ఫోటో ఇంకొకడు తీస్తాడా?" అని వాళ్ళ మీద కేకలేసి, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కెమెరా వెనకే నిలబడ్డాడు. చేతుల వరస అతన్ని దాటుకుని పోయింది. ఆ తరవాతి శనివారం వేరేవాళ్ళ చావులో ఫోటో తీస్తుండగా అతని మడమలు నేలను వదిలాయి. కాసేపటికి షామియానా ఎత్తుకు లేచాడు.

"ఫోటో మాస్టర్ లేచాడు" అన్నారు జనం. "ఎలాగూ లేచావు గదా, పైనుంచి ఒకటి తియ్యి" అన్నారు చనిపోయినవాళ్ళ కొడుకులు.

అప్పట్నుంచీ అదే అలవాటయింది. షామియానాలన్నీ ఒక్క ఫోటోలో పడాలని అందరికీ కోరిక. మొదట్లో తాడు తెచ్చి ఒక కొస నడుముకు, ఇంకో కొస షామియానా గుంజకు కట్టుకునేవాడు. ఒకసారి గుంజ ఊడి అతనితోపాటే పైకి రాబోయింది. పక్కన కెంకీ అమ్ముకుంటున్న అఫువా సెర్వా ఒక్క గెంతులో తాడందుకుని, "ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను" అంది. ఆకుల్లో చుట్టి ఉడికించిన పిండి ముద్దలు నిండుగా ఉన్న నీలం బేసిన్ ఆమె నెత్తి మీద కదల్లేదు.

అంతే, ఇక తాడు ఆమెదే. నడుముకు ఒక చుట్టు, ఎడమచేతికి ఒక చుట్టు తిప్పుకుని, కుడిచేత్తో కెంకీలు అమ్ముకునేది. చేపల కారంతో సహా అన్నీ అమ్మేది గాని, అడుగున కొన్ని ముద్దలు మాత్రం ఎవరడిగినా ఇచ్చేది కాదు. "ఎవరి కోసం దాస్తున్నావే? మొగుడొస్తాడనా?" అని ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆమె మొగుడు ఎడారి దాటి లిబియా పోతానని వెళ్ళినవాడు. కబురు లేదు. బతికున్నాడో లేడో తెలియనివాడికి చావు చెయ్యరు, చావు చెయ్యనివాడి పెళ్ళానికి ఎవరూ చెయ్యి కలపరు.

అతను పైన, ఆమె కింద. మధ్యలో తాడు. మాట్లాడుకునేది ఏమీ ఉండదు. కొంచెం దించాలంటే అతను ఒకసారి లాగుతాడు, ఇంకొంచెం వదలాలంటే రెండుసార్లు. వారం మొత్తంలో యావ్‌ను ఒక మనిషి పట్టుకుని ఉండేది ఆ కాసేపే.

ఇలా ఉండగా షామియానాలు అద్దెకిచ్చే ఒఫోరివా ఒక మంగళవారం అతని కొట్టుకొచ్చి, ఉన్న ఒక్క స్టూలు మీద నిండుగా కూర్చుంది.

"మాస్టరూ, కుమాసిలో కొత్త డ్రోన్ దిగింది, విన్నావా? అరచేతిలో పడుతుందట. మామిడికాయంత బరువైనా లేదట. మొన్న మా మరిది వాళ్ళ చావులో ఎగరేశారు. ఊరు ఊరంతా పడింది, వెనక కొండతో సహా. నీ ఫోటోల్లో ఏం పడుతుంది? అఫువా బొచ్చె!"

"బొచ్చె కాదు, బేసిన్" అన్నాడు యావ్.

"ఏదైతేనేం? ఏ చావు ఫోటో చూసినా మధ్యలో అదే, దాన్నుంచి నీ దాకా ఒక తాడు. పోయేవాళ్ళు మారుతున్నారు గాని ఆ బేసిన్ మారడం లేదు. జనం నా దగ్గర గొణుగుతున్నారు. నువ్వు కొనకపోతే డ్రోనున్నవాణ్ణి నేనే పిలుచుకుంటాను. తరవాత అలిగితే నాకు సంబంధం లేదు."

యావ్ మొండివాడే గాని చెవిటివాడు కాదు. మర్నాడు కుమాసి పట్నం బస్సెక్కాడు. షాపులో కుర్రతనం ఇంకా వదలని ఒకతను చిన్న పెట్టె విప్పి, రెక్కలు మడిచి ఉన్న బూడిదరంగు వస్తువును యావ్ అరచేతిలో పెట్టాడు. ఎండుటాకు వాలినట్టుంది.

"దీని గొప్పంతా తేలికే బాబాయ్. కిందటేడు వచ్చినదానికీ దీనికీ పోలికే లేదు. ఎంత తేలికో అంతసేపు పైన ఉంటుంది."

"అది నాకు తెలుసు" అన్నాడు యావ్. "మరి తాడు?"

షాపతను నవ్వాడు. "తాడెందుకు? దీన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు. మీరొక్కరే చాలు."

"ఎవరూ పట్టుకోకపోతే తిరిగొస్తుందా?"

"ఈ మీట నొక్కితే బయల్దేరిన చోటికే వచ్చి వాలుతుంది. మనిషి సాయమే అక్కర్లేదు. ఇవ్వమంటారా?"

యావ్ దాన్ని జాగ్రత్తగా పెట్టెలో పడుకోబెట్టాడు. "సోమవారం చెబుతాను."

"సోమవారం దాకా పక్కన పెడతాను. ఆపైన మాటివ్వలేను బాబాయ్, కొత్త సరుకు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మీరొక్కరే చాలు అన్న మాటనే నములుతూ వచ్చాడు. కొంటే పని నిలుస్తుంది, మోకాళ్ళకు రాళ్ళ బరువు తప్పుతుంది, కొండ కూడా ఫోటోలో పడుతుంది. కొంటే శనివారం అతన్ని ఎవరూ పట్టుకోరు.

శుక్రవారం అఫువా ఇంటికి వెళ్ళాడు. ఆమె పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని, ఉడికిన పిండిని ముద్దలు చేసి ఆకుల్లో చుడుతోంది. పక్కన ఇంకో పీట ఉంది. దాని మీద ఎవరూ కూర్చున్న గుర్తులు లేవు.

"డ్రోన్ చూసొచ్చాను" అన్నాడు.

"విన్నాను. ఒఫోరివా నోట్లో ఏదీ నిలవదుగా."

"కొనమంటావా?"

ఆమె తలెత్తలేదు. "కొనండి."

"అంతేనా?"

"అడిగారు, చెప్పాను. పిండి చల్లారిపోతోంది, కొంచెం జరగండి."

యావ్ జరిగాడు. ఆమె ఇంకేమైనా అంటుందేమోనని ఇంకో ముద్ద చుట్టేదాకా నిలబడ్డాడు. సరే, పీడ విరగడవుతుందని ఆమె అనుకుంటున్నట్టుంది అనుకున్నాడు. ఇంటికి నడుస్తుంటే, జేబుల్లో రాళ్ళున్నా చెప్పులు నేలకు సరిగ్గా ఆనలేదు. కంచెల కొమ్మలు పట్టుకుంటూ ఇల్లు చేరాడు.

ఆ శనివారం చావు పాత హెడ్‌మిస్ట్రెస్‌ది. ఆమె దగ్గర చదివినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఉత్తరపు దుమ్ముగాలి మొదలైంది. యావ్ రాళ్ళన్నీ గుంజ దగ్గర కుప్పపోసి తాడు చివర అఫువాకు అందించాడు. ఆమె మొహంలోకి చూడలేదు. ఆమె తాడు నడుముకు తిప్పుకుంది.

లేవడం లేవడం ఎప్పటికన్నా జోరుగా లేచాడు. షామియానాలు దాటాయి, వేపచెట్టు దాటింది, చర్చి గంట దాటింది. కిందంతా తుప్పు రంగు రేకులు. డోళ్ళ మోత సన్నబడి ఎవరో పక్కింట్లో తలుపు తడుతున్నంత అయింది. చేతుల వరస ఎరుపు నలుపు గొంగళిపురుగులాగా మైదానం చుట్టూ పాకుతోంది. అన్ని చేతుల్లో ఒక్కటీ ఇన్నేళ్ళలో అతని దాకా రాలేదు. ఫోటో తీశాడు. ఇంకొంచెం దించమని తాడు ఒకసారి లాగాడు.

కింది నుంచి జవాబు లేదు. తాడు వదులయింది.

వంగి చూస్తే నీలం బేసిన్ నేల మీద ఉంది, ఖాళీగా. దాని పక్కన ఎవరూ లేరు. అఫువా తాడు పట్టుకుని, ఒక చేత్తో మోకాళ్ళ దగ్గర బట్ట బిగించుకుని, తిన్నగా అతని వైపే వస్తోంది.

"కెంకీ అమ్మాయి కూడా లేచిందిరా" అన్నాడు డోలు వాయించేవాడు, నోట్లో ముద్దతోనే. మళ్ళీ డోలు మీదికి వంగాడు.

ఆమె అతని ఎత్తుకు వచ్చి ఆగింది. గాలికి తలగుడ్డ కొస ఎగురుతోంది.

"నువ్వు కూడానా?" అన్నాడు యావ్.

"మరి ఏమనుకున్నారు? బేసిన్‌లో బరువుంటేనే నేను నేల మీద ఉండేది. అందుకే కొన్ని అమ్మకుండా ఉంచుకుంటాను. ఇంటికెళ్ళేటప్పుడు నీళ్ళు నింపుకుని వెళతాను. నిన్న మీరు మొహం మాడ్చుకుని వెళ్ళారు. అదే తలుచుకుంటూ ఆఖరి ముద్ద కూడా ఆ డోలువాడికి అమ్మేశాను."

"మొహం మాడ్చుకోనా? కొనండి అని ఒక్క మాటన్నావు. తాడు మోసి మోసి విసిగిపోయావు కామోసు అనుకున్నాను."

"విసుగా?" ఆమెకు కోపం వచ్చింది. "తాడు చూశారా ఎప్పుడైనా? పట్టేది నేను, నాకు తెలుసు. వారం వారం ఒక మూర ఎక్కువ వదలాల్సి వస్తోంది. ఇవాళ మొత్తం అయిపోయింది, కొస మిగిలింది. ఇంకో వారమో రెండు వారాలో పోతే నా చేతిలో ఏముంటుంది? అందుకని కొనమన్నాను."

"అది కొంటే నువ్వు రానక్కర్లేదు గదా అని..."

"రానని ఎవరన్నారు యావ్?"

ఆమె పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఇద్దరూ కొంచెం కొంచెంగా కొండ వైపు కొట్టుకుపోసాగారు. ఆమె నడుముకున్న చుట్టు ఊడి, కిందికి వేలాడుతున్న తాడు కొస షామియానాల మీదుగా ఈడ్చుకుంటూ పోతుంటే ఒఫోరివా చూసి, కుర్చీలు తోసుకుంటూ పరిగెత్తుకొచ్చి రెండు చేతులా పట్టుకుంది. ఆమెను ఎత్తగలిగే గాలి ఆ జిల్లాలో లేదు.

"హెడ్‌మిస్ట్రెస్‌గారి చావులో గాలిపటాలాట ఏమిటి మీకు!" అని తిడుతూ చేద తోడినట్టు తోడింది. కిందికి దిగగానే ఇద్దర్నీ దగ్గర్లో ఉన్న ఖాళీ కుర్చీల్లో కూలేసి, తాడుతో కుర్చీ చేతులకు ఒక ముడి వేసింది. "కదిలారంటే చూడండి."

అవి చనిపోయినావిడ సొంతవాళ్ళ కుర్చీలు. వాటిలో కూర్చున్నవాళ్ళు భోజనానికి లేచి వెళ్ళారు. యావ్ ఆ సంగతి గ్రహించేలోపు చేతుల వరస వచ్చేసింది.

ముందున్న ముసలాయన చెయ్యి చాపాడు. "అయ్యో నాయనా, ఓర్చుకో."

నేను వీళ్ళ మనిషిని కాను అనబోయాడు యావ్. చాపిన చెయ్యి ఎదురుగా ఉంది. కాదనడం ఎలా? చెయ్యి ఇచ్చాడు. ఎండిన అరచెయ్యి, వెచ్చగా ఉంది. దాని వెనక ఇంకోటి. ఓర్చుకో తమ్ముడూ. ఓర్చుకోండి అన్నా. కాయలు కాచిన చేతులు, గోరింట చేతులు, సబ్బు వాసన చేతులు. ఒక్కొక్కటీ వచ్చి పోతుంటే కుర్చీ కాళ్ళు ఎర్రమట్టిలోకి కొద్దికొద్దిగా దిగుతున్నాయి.

చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ అతని దగ్గర ఆగింది. "ఆవిడ నీకేమవుతుంది బాబూ?"

"నా భార్య" అన్నాడు యావ్. తన నోట్లోంచి వచ్చిన మాట విని తనే ఆగిపోయాడు. తరవాత ఏడుపొచ్చింది. ముసలమ్మ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని, వెనకవాళ్ళు ఆగినా లెక్కచెయ్యకుండా నిలబడింది. తరవాత పక్క కుర్చీకి జరిగింది. "నువ్వెవరమ్మా?"

"మా ఆయన పోయాడు" అంది అఫువా. "ఎడారిలో." ఆ మాట ఆమె అంతకు ముందు ఎవరితోనూ అనలేదు, తనతో కూడా.

"ఓర్చుకో తల్లీ" అంది ముసలమ్మ, ఏమీ ఆశ్చర్యపోకుండా.

వరస అయిపోయాక ఒఫోరివా వచ్చి ముడి విప్పింది. "ఇంక లే మాస్టరూ. షామియానాలన్నీ పడిన ఫోటో ఏదీ? తీసినదాన్లో సగం దుమ్మే ఉంది. ఇంకోసారి లేచి తియ్యి."

యావ్ కుర్చీలోంచి లేచాడు. మడమలెత్తాడు, చిన్న గెంతు గెంతాడు. చెప్పుల మీదే దబ్బున పడ్డాడు. దుమ్ము లేచింది.

"అయిపోయింది నా పరువు!" అని ఒఫోరివా నెత్తి కొట్టుకుంది.

సోమవారం యావ్, అఫువా కుమాసి బస్సులో రెండు సీట్లు తీసుకున్నారు. షాపతను పెట్టె పక్కన పెట్టే ఉంచాడు. కొనాలా వద్దా అని యావ్ ఇంక ఆలోచించలేదు, లేవలేని ఫోటోగ్రాఫర్‌కు ఆలోచించడానికి ఏముంది? బేరమంతా అఫువాయే ఆడింది. షాపతను మర్యాదకు కూడా నవ్వడం మానేసేదాకా ఆడింది.

ఆ వచ్చిన శనివారం మైదానం మూల నుంచి డ్రోన్ లేచింది. షామియానాలు దాటింది, వేపచెట్టు దాటింది, చర్చి గంట దాటింది. యావ్ చేతిలోని తెర మీద ఊరంతా కనిపించింది, కొండతో సహా. మైదానం మూలన నీలం బేసిన్, దాని పక్కన ఇద్దరు మనుషులు.

అఫువా అలవాటు కొద్దీ తాడు చుట్ట భుజాన వేసుకునే వచ్చింది. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకే చూసింది. దుమ్ముగాలిలో ఆ బూడిదరంగు చుక్క అటూ ఇటూ ఊగుతోంది.

"పాపం, ఒక్కటే ఉంది" అంది.

యావ్ దాన్ని కొంచెం కిందికి దింపాడు.