తెల్ల తలగుడ్డ

తల్లి పోయిన ఉద్యోగి రాజముద్ర అప్పగించి, ఇంటికి పోయి మూడేళ్లు మైల పట్టాలి. తిరిగొచ్చేసరికి కుర్చీలో ఇంకొకడుంటాడు. అందుకే ట్రిన్ దొర, ఊరి నుంచి చావు కబురు తెచ్చినవాణ్ని గుమ్మంలోంచే తరిమేసి, టీ పోస్తున్న వంటవాడు తోవాన్ వైపు తిరిగాడు.

"నువ్వేం విన్నావురా?"

"ఏం వినలేదు దొరా."

"మా అమ్మకేం, రాయిలా ఉంది. మధ్యాహ్నం రాజధాని హుయే నుంచి తనిఖీ దొర భోజనానికొస్తున్నాడు. బాతు కొయ్యి."

తోవాన్ బాతు కోశాడు. పందికాళ్లు వెదురు మొలకలతో ఉడికించాడు. కానీ తల్లి శవం ఊళ్లో ఉన్న మనిషికి మాంసం వడ్డించే చెయ్యి కాదది. దొర ముందు మైలవాళ్లు తినే నువ్వుల ఉప్పు, ఉడికిన తూటికూర పెట్టేసింది. పెట్టాకగాని తోవాన్ చూసుకోలేదు.

తనిఖీ దొర అన్నం తినే పుల్లలు ఆపాడు. "ఏమయ్యా ట్రిన్, నాకు బాతూ నీకు ఆకులా? ఎవరు పోయారేంటి?"

నవ్వుతూనే అడిగాడు. కళ్లు మాత్రం నవ్వలేదు.

ట్రిన్ దొర ఒక బాతు ముక్క నోట్లో వేసుకుని, నమిలి, మింగాడు. "వీడి తల్లి పోయింది మహాప్రభూ. మతి చెడి తన కూడు నా ముందు పెట్టాడు వెధవ."

"నిజమేనా రా?"

కాదంటే దొర తల తెగుతుంది. దానికంటే ముందు తనది తెగుతుంది.

"అవును మహాప్రభూ."

"అయ్యో! తల్లిని అక్కడ పడేసి ఇక్కడ బాతులు కోస్తున్నావా?" తనిఖీ దొర మైలకి కట్టే తెల్లగుడ్డ తెప్పించి, దగ్గరుండి తలకు కట్టించాడు. "ఇంటికి పో. రేపు మా వాళ్లు అగరొత్తులు తెచ్చి, శవపెట్టె ముందు నా తరఫున దణ్ణం పెట్టి వస్తారు."

అది జాలో అనుమానమో ఎవరికీ తెలియలేదు. ట్రిన్ దొర మాత్రం భటుల పెద్ద క్వాచ్‌ని పిలిచి చెవిలో ఏదో చెప్పి, తోవాన్‌కి తోడిచ్చి పంపాడు.

వరిచేల గట్టు మీద తోవాన్ నోరు పెగిలింది.

"క్వాచ్ అన్నా, మా అమ్మ బతికే ఉందన్నా."

"తెలుసురా."

"మరి?"

"రేపు వాళ్లొచ్చేసరికి పెట్టెకి మేకులు కొట్టి ఉండాలి. దొర మాట తప్పు కాకూడదు."

"ఖాళీ పెట్టెకి కొడదామన్నా! అమ్మని మా పిన్ని ఊళ్లో దాచేస్తాను, నీ కాళ్లు పట్టుకుంటా."

"ముసలిదాన్ని ఎన్నాళ్లు దాస్తావురా? ఎప్పుడో ఒకప్పుడు దగ్గుతుంది."

క్వాచ్ నడుస్తూ నడుస్తూ నడుముకున్న తాడు ఒకసారి సర్దుకున్నాడు.

వెదురు పొదలు దాటగానే ఇంటి కప్పు మీద పొగ కనిపించింది. తోవాన్ ఆగాడు. వీపు మీద క్వాచ్ చెయ్యి పడింది. మళ్లీ నడిచాడు.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న ముసలమ్మ చేట దించి, కొడుకు తలగుడ్డ చూసి లేచి నిలబడింది.

"ఎవరు పోయార్రా, నాయనా?"