పోస్ట్‌మాన్‌కి వచ్చిన వాక్యం

"ఎర్రగుడ్డ ఎవరు వేశారో పది నిమిషాల్లో నాకు పేరు కావాలి" అని మేనేజరు తలుపు వేసుకునేసరికి, ఆసుపత్రి లాండ్రీలో నలభై తెల్ల దుప్పట్లు పెళ్లికూతురి బుగ్గల్లా గులాబీ రంగు తిరిగి, బండి నిండా తడిగా కుప్పబడి ఉన్నాయి. పేరు తేలిన మనిషికి రేపటి నుంచి పని లేదు.

సూపర్‌వైజరుకు మాత్రం లోలోపల హుషారుగానే ఉంది. ఎదుటివాళ్ల తప్పులు పట్టే చూపు దేవుడు తనకిచ్చిన వరమని ఆయన నమ్మకం.

"మూడో మిషన్ మీద ఎవరు?"

"నేనే అన్నా" అంది ఆర్నెల్ల కిందట పనిలో చేరిన, అక్కడందరూ చెల్లెమ్మ అని పిలిచే అమ్మాయి. "అన్నీ విదిలించే వేశాను."

"మరి రంగు ఆకాశం నుంచి ఊడిపడిందా?"

"ఆ పిల్లని పోలీసులా నిలదీస్తావేంట్రా" అన్నాడు ఇస్త్రీ తాత. "ముందు ఆ గుడ్డేదో వెతుకు."

సూపర్‌వైజరు దుప్పట్లు ఒక్కొక్కటే దులిపాడు. పదిహేడో దాని మడతలోంచి ఒక తడి సంచి చేతిలో పడింది. ఎర్ర వెల్వెట్టుది. బైబిలు పెట్టుకునేది. ఆయనదే.

పొద్దున దాని మీద కూర నూనె ఒలికితే, ఇంట్లో ఆవిడ చీవాట్లు పెడుతుందని, ఎవరూ రాకముందే తనే మూడో మిషన్‌లో పడేశాడు. తీయడం మరిచాడు. దర్యాప్తు ఉత్సాహంలో ఆ సంగతే గుర్తుకు రాలేదు. చప్పున ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. ఎవరూ చూడలేదు. తొడ మీదుగా నీళ్లు చల్లగా కారాయి.

ఇప్పుడొక వాక్యం కావాలి, తప్పించుకోవడానికి. వాక్యాలకు ఆయన దగ్గర ఏనాడూ కరువు లేదు. రోజూ పొద్దున్నే బైబిలు తెరిచి, కోపం గురించిన వాక్యం ఉంటే బావమరిదికి, నోటి దురుసు గురించి ఉంటే అత్తగారికి, బద్ధకం గురించి ఉంటే ఇస్త్రీ తాతకు ఫోన్లో పంపేస్తాడు. వెనకాల అందరూ ఆయన్ని పోస్ట్‌మాన్ అంటారు. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ పంచాడు గానీ, తన పేరున ఒక్క ఉత్తరమూ విప్పి చూసుకోలేదు.

"అన్నా" అంటూ చెల్లెమ్మ దగ్గరికొచ్చింది. "దాచిందేదైనా బయటపడుతుందని పొద్దున వాక్యం పంపారు కదా. దాన్నే పట్టుకుని నిలబడ్డాను. లేకపోతే ఈపాటికి ఏడ్చేసేదాన్ని."

ఆమె సబ్బుపొడి ఇంటికి పట్టుకెళుతోందేమోనన్న అనుమానంతో, మనసులో కాస్త గుచ్చుకోవాలని ఆయన పంపిన వాక్యమది.

"నాకోసం రోజూ వెతికి మరీ పంపుతారు. మీకోసం ఏది చదువుకుంటారన్నా?"

మేనేజరు తలుపు తీశాడు. "పేరు?"

అందరి చూపూ చెల్లెమ్మ మీదికి మళ్లింది. ఆమె సూపర్‌వైజరు వైపు చూసింది.

"అంటే సార్, మిషన్ బాగా పాతబడి..." అని మొదలుపెట్టాడాయన. ఆ అబద్ధానికి కాళ్లు లేవని ఆయనకే అర్థమైంది. సగంలో ఆపేశాడు. జేబులోంచి సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"రాసుకోండి సార్. ఈ అమ్మాయి కాదు. దీన్ని మిషన్‌లో వేసింది నేనే."