మీసం లేని అయిదు వారాలు

సంఘంలో చెయ్యెత్తింది నేను కాదు. పక్కన కూర్చున్న మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని పైకి లేపింది. సంఘం నడిపే వృద్ధాశ్రమంలో ఎవరెవరు ఏ పరిచర్య చేస్తారని పాస్టరు గారు అడుగుతున్నారు. కొందరు పాటలు పాడతామన్నారు, కొందరు వాక్యం చదువుతామన్నారు. కూర్చుని చేసే పనులన్నీ అప్పటికే అయిపోయాయి. "మన సెలూన్ బ్రదర్ సోమవారాలు గడ్డాలు గీస్తారు, దేవునికి స్తోత్రం!" అన్నారాయన. వారమంతా గడ్డాలు గీసేవాడికి సెలవు రోజున కూడా గడ్డాలే.

ఏడాది చేశాను. పద్నాలుగు మంది ముసలివాళ్లు, పద్నాలుగు గడ్డాలు. బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి, చర్మం వేలితో లాగి పట్టుకుంటే గాని బ్లేడు నడవదు. ఒకాయన సరిగ్గా గొంతు దగ్గరికి రాగానే తుమ్ముతాడు. ఇంకొకాయన "నిన్ననే గీశావుగా" అని పోట్లాడతాడు. పనయ్యేసరికి నా కాళ్లు నావి కావు. సేవలో ఎంత ఆనందం ఉందో అని ఆదివారం ఎవరైనా సాక్ష్యం చెబుతుంటే నాకు ఒళ్లు మండేది. నాకు దొరికింది నడుంనొప్పి ఒక్కటే.

ఆ సోమవారం గట్టిగా నిర్ణయించుకునే వెళ్లాను. పని ముగించి, పాస్టరు గారిని కలిసి, ఇక నా వల్ల కాదని చెప్పెయ్యాలి. ఇంట్లో ఏం చెప్పాలో కూడా దారిలోనే తయారు చేసుకున్నాను.

చివరి మంచం మీసాల తాతది. ఒకప్పుడు బస్సు డ్రైవరు. అంతమందిలో మీసం ఉన్నది ఆయనొక్కడికే. అది సోకు కోసం కాదు. ఆయన భార్య కూడా ఆ ఆశ్రమంలోనే, ఆడవాళ్ల గదుల్లో ఉంటుంది. మామ్మకు జ్ఞాపకం పోయింది. పిల్లల పేర్లు పోయాయి, ఉన్న ఇల్లు పోయింది, చివరికి భర్త ముఖం కూడా పోయింది. రోజూ పదకొండింటికి నర్సమ్మ ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. మామ్మ తాత ముఖం మీద చెయ్యి పెట్టి, మీసం తడిమి చూసుకుని, తృప్తిగా పక్కన కూర్చుంటుంది. మాటలుండవు. గంట తర్వాత లేచి వెళ్లిపోతుంది. ఆయన తన మొగుడని ఆవిడకు చెప్పేది ఆ మీసం ఒక్కటే.

ఇదంతా నాకు బాగా తెలుసు. అయినా పదమూడు ముఖాలకు చెవి నుంచి చెవి దాకా నురుగు పూసిన చెయ్యి పద్నాలుగో ముఖానికీ అలాగే పూసింది. తాత కునుకు తీస్తున్నాడు. నేను నిలబడే సగం నిద్రలో ఉన్నాను. కొత్త బ్లేడు. ముక్కు కింద ఒక్క గీత. తెల్లటి వెంట్రుకలు తువ్వాలు మీద పడ్డాక గాని నాకు మెలకువ రాలేదు. సగం మీసంతో మనిషిని వదిలెయ్యలేం కదా. రెండో సగమూ తీసేశాను.

తాత లేచి పెదవి తడుముకున్నాడు. అద్దం అడిగి చూసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"టైమెంతయ్యింది?" అన్నాడు.

"పదకొండుకి పది నిమిషాలుంది తాతగారూ. నన్ను..."

"సరే, ఆ నురుగు తుడువు."

మామ్మ వచ్చింది. చెయ్యి చాపింది. వేళ్లు పెదవి మీద అటూ ఇటూ వెతికి, నిప్పు తగిలినట్టు వెనక్కి వెళ్లిపోయాయి.

"ఎవరండీ మీరు? ఇది మా ఆయన మంచం."

నేను ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాను. "తప్పు నాది మామ్మా. ఆయనే మీ ఆయన. మీసం నేను తీసేశాను."

"తీస్తే తీశావు, మా ఆయన్ని ఎక్కడ పెట్టావు?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాత గొంతు సవరించుకున్నాడు.

"మీ ఆయన డ్యూటీకి వెళ్లారండీ. వచ్చేస్తారు. అందాకా కూర్చోండి."

ఏభై రెండేళ్లు కాపురం చేసిన భార్యతో అలా మాట్లాడాడు. నేను సామాను సంచీలో పడేసుకుని బయటపడ్డాను. పాస్టరు గారి గది ముందు నుంచే వెళ్లాను గాని లోపలికి అడుగు పెట్టలేదు. ఒకరి కాపురం కూల్చి, ఇక నన్ను వదిలెయ్యండి అని ఏ ముఖం పెట్టుకుని అడగను?

మూడు రోజులు తిండి సయించలేదు. ప్రార్థన చేసుకోమంది మా ఆవిడ. "మీసాలు మొలవాలని ఎవరైనా ప్రార్థన చేస్తారా?" అన్నాను. "చేస్తే తప్పేంటి?" అంది. చేశాను. గురువారం ఉదయం సెలూను తెరవకముందే ఆశ్రమానికి వెళ్లాను. తాత పెదవి మీద తెల్లగా మొలకలు కనబడుతున్నాయి. వాటిని వదిలేసి మిగతాది గీయబోతే నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది కూడా తీసెయ్."

"అయ్యో, అదేంటి తాతగారూ?"

"మీ మామ్మ ఈ మూడు రోజులూ ఒకటే మాటలయ్యా. నాతో కాదు, ఈ పరాయివాడితో. 'నాకు జ్వరమొస్తే మా ఆయన మూడు రోజులు డ్యూటీ మానేసి నా తల దువ్వాడండీ, జడ వెయ్యడం చేతకాక చిక్కుముళ్లు పెట్టేశాడు' అని చెప్పి ఒకటే నవ్వు. నాకా సంగతి గుర్తే లేదు. ఇన్నేళ్లలో నా మొహం మీద ఒక్క మంచి మాట అనలేదు. మీసం ఉంటే పక్కన కూర్చుని ఊరుకుంటుంది. అందుకే తీసెయ్." కన్నీళ్లు నురుగులోకి జారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు.

అలా నాకు సోమవారంతో పాటు గురువారం కూడా తగులుకుంది. మానేస్తానని ఎవరికీ చెప్పలేదు. వీలైనప్పుడల్లా పదకొండు దాటేదాకా ఉండి మామ్మ కబుర్లు వినేవాణ్ని. ఒకరోజు "మా ఆయన గురకకు పక్కింటివాళ్లు గోడ బాదేవారండీ" అని చెప్పింది. తాత మూతి ముడుచుకుంటే నేను బ్లేడు కడిగే నెపంతో బయటికి పరిగెత్తి నవ్వుకున్నాను. ఆ ఆశ్రమంలో నేను నవ్వడం అదే మొదటిసారి.

కానీ నాలుగో వారం తాత మెల్లగా ఒక మాట అడిగాడు. "ఇలా మీసం లేకుండానే నేను పోయాననుకో. దాని దృష్టిలో నేను డ్యూటీ నుంచి తిరిగి రానట్టేగా?"

"మళ్లీ మీసం పెంచుదాం తాతగారూ" అన్నాను.

"పెంచితే మాటలు ఆగిపోతాయి" అన్నాడు. ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెబితే మళ్లీ ప్రార్థన చేసుకోమంది.

అయిదో వారం సోమవారం ముందుగా తాత ముఖమే నున్నగా గీశాను. తప్పు జరిగిన నాటి నుంచీ ఆయనతోనే మొదలుపెడుతున్నాను, చెయ్యి అలసిపోకముందే. పదకొండింటికి మామ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆవేళ ఆవిడ కథ చాలా వెనక్కి వెళ్లింది.

"మా ఆయన్ని మొదట చర్చిలో చూశానండీ. నేను ముందు వరసలో పాటలు పాడేదాన్ని. ఆయన వెనక బెంచీలో కూర్చునేవాడు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకునేవాడు. అప్పటికింకా మీసం కూడా లేదు. ఇక్కడంతా నున్నగా..."

ఆగిపోయింది. చెయ్యి చాపి తాత పై పెదవి తడిమింది. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"పాట పాడకుండా అస్తమానం నన్నే చూస్తారెందుకు మీరు?" అంది.

తాత ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకెవర్ని చూడను?"

మామ్మ సిగ్గుపడి తల దించుకుంది. తాత ఆ చెయ్యి వదలలేదు.

ఇంకా నలుగురు నురుగు పూసుకుని నా కోసం ఎదురుచూస్తున్నారు. "ఆరిపోతోంది, వస్తావా రావా?" అని ఒకాయన కేకేశాడు. నా కాళ్లు ఎప్పటిలాగే పీకుతున్నాయి. అయినా అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు. ఈ మాట మాత్రం మా ఆవిడకు చెప్పను.