కావ్యశ్రీ మడికి ఎర్ర రంగు

కావ్యశ్రీ గోంగూర పండించింది. ఇంగ్లండులో! లీసెస్టర్ పక్కన మా చిన్న టౌన్లో, ఆగస్టులోనూ స్వెటర్ తియ్యనివ్వని చోట, నడుమెత్తు గోంగూర. మాది వరంగల్, మేం పుంటికూర అంటాం. తనది తెనాలి. పేరేదైతేనేం, నాకు మాత్రం కడుపు మండిపోయింది.

అలాట్‌మెంట్‌లో, అంటే కౌన్సిల్ ఏడాదికింతని అద్దెకిచ్చే కూరగాయల మళ్ళలో, గేటు పక్క మడి మాది. దాన్ని ఆనుకుని ఆమెది. అదే మట్టి, అదే వాన. మూడేళ్ళు విత్తనం వేశాను, మూడేళ్ళూ మొలక నల్లబడి చచ్చింది. మిగిలింది ఓ మూల పుదీనా. ఆమె వచ్చిన రెండో ఏడే పాలిథిన్ టెంటు వేసి పెంచింది, తెలుగు ఇళ్ళన్నిటికీ టేకవే డబ్బాల్లో ఆకు పంచింది. విసుగొచ్చి ఆ ఏడు, చలికాలంలో కలుపు రాకుండా నా మడి మీద కప్పిన నల్ల పట్టా తియ్యనే లేదు.

"కావ్యశ్రీ పుంటికూర తిన్నవా విజయా? మా అమ్మ యాదికొచ్చింది," అన్నాడు మా ఆయన అఖిలేష్ వేళ్ళు నాకుతూ. పెళ్ళయినప్పటి నుంచీ వండి పెడుతున్నాను, ఒక్కనాడూ వాళ్ళమ్మ యాదికి రాలేదు!

అలాంటి రోజుల్లో, 2014 వేసవిలో, దేవుడు నా చేతికి మౌస్ ఇచ్చాడు. నేను కౌన్సిల్ ప్లానింగ్ ఆఫీసులో కంప్యూటర్ మీద మ్యాపులు గీస్తాను. అలాట్‌మెంట్ వెనక పొలంలో కొత్త ఇళ్ళు వస్తున్నాయి, వాటికి దారి కావాలి. గేటు దగ్గర ఒక్క మడి తీసుకుంటే చాలు. మాదో, ఆమెదో.

"వాడకంలో లేనిది తీసుకుందాం," అన్నాడు మేనేజర్ గ్రాహం. విమానం నుంచి తీసిన ఫోటోని మ్యాప్ కింద పరిచి, వాడుతున్న మడికి పచ్చ, ఖాళీదానికి ఎరుపు నింపాలి. మా మడి అఖిలేష్ పేరున ఉంది కాబట్టి అది మాదని గ్రాహంకి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఫోటో ఫిబ్రవరిలో తీసింది. తెల్లవాళ్ళ మళ్ళలో చలికాలం క్యాబేజీలు కనిపిస్తున్నాయి. మన కూరలకి ఎండ కావాలి కదా, ఆమె టెంటు అప్పటికింకా వెయ్యలేదు, మా రెండు మళ్ళూ నల్ల పట్టాల కింద ఒకేలా ఉన్నాయి. మాదానికి పచ్చ నింపాను. ఆమెదానికి ఎరుపు. ఫోటో చెప్పిందే చేశాను, సగం మట్టుకు.

గ్రాహం మ్యాప్‌ని నమ్మి ఊరుకునే రకం కాదు. "ఒకసారి కళ్ళతో చూసొద్దాం పద," అన్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని.

ఎర్ర మడి దగ్గరికి పోయి టెంటు జిప్ లాగాడు. లోపల గుబురుగా మొక్కలు, ఎర్రటి కాడలు, అయిదు వేళ్ళలా చీలిన ఆకులు. గ్రాహం ముఖం పాలిపోయింది. "విజయా, ముట్టుకోకు! ఇది గంజాయి," అంటూ పోలీసులకి చెప్పడానికి ఫోన్ తీశాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. పోలీసులొస్తారు, టెంటు పీకుతారు. నిజం తేలేలోపు కావ్యశ్రీ పేరు ఊరంతా మోగిపోతుంది, ఆమె పంచిన ఆకు ఇంకెవరూ ముట్టరు. నాకు తియ్యగా అనిపించింది. ఒక్క క్షణం. ఆ వెంటనే ఒళ్ళు మండింది. గంజాయా? మా పుంటికూరని పట్టుకుని గంజాయంటాడా వీడు?

గుప్పెడు ఆకు తుంచి నోట్లో కుక్కుకుని కసకసా నమిలాను. "ఇది మా పచ్చడి! తిని చూడు!" అని ఇంకో ఆకు అతని చేతిలో పెట్టాను. గ్రాహం భయపడుతూనే కొరికాడు. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది. ఫోన్ తిరిగి జేబులోకి వెళ్ళింది.

"అయితే ఈ మడి వాడకంలోనే ఉంది," అన్నాడు. తర్వాత పక్కకి చూశాడు. నడి వేసవిలో నల్ల పట్టా, దాని అంచు కింది నుంచి పాకిన పుదీనా. "మరి దీనికి పచ్చ ఎందుకు నింపావు?"

"పొరపాటు," అన్నాను. ఆఫీసుకొచ్చి రెండు రంగులూ నా చేత్తోనే మార్చాను. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.

మా మడి పోతుందని నోటీసు వచ్చిన సాయంత్రం కావ్యశ్రీ పచ్చడి డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. జరిగిందంతా గ్రాహం గేటు దగ్గర చెప్పాడట, రంగుల సంగతి తప్ప.

"నా కోసం పచ్చి ఆకు నమిలారంటగా అక్కా! మీ మడి పోయిందంటే నాకు అన్నం సహించట్లేదండీ. నా దాంట్లో సగం మీరు చేసుకోండి," అంది. ఆ మంచితనం పచ్చడి కంటే పుల్లగా తగిలింది నాకు.

డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఇవ్వడానికి నా నేలలో పండిందేముంది? పట్టా కింద నుంచి తవ్వి తెచ్చిన పుదీనా వేళ్ళు సంచిలో ఉన్నాయి. పుదీనా సంగతి నాకు తెలుసు. నేలలో పడిందంటే పక్క మొక్కల్ని మింగి మడంతా తనదే చేసుకుంటుంది. పచ్చడి గిన్నెలోకి తీసి, డబ్బా కడిగి, దాన్నిండా ఆ వేళ్ళు పెట్టి నవ్వుతూ అందించాను.

"గోంగూర పక్కనే పాతుకో కావ్యా, బాగా వస్తుంది."

కావ్యశ్రీ మూత తీసి వాసన చూసి మురిసిపోయింది. "అబ్బ, ఎంత బాగుందో! నేల్లో పెడితే పాకేస్తుంది కదక్కా, కుండీలో వేసుకుంటాను."

అదీ తెలుసు దానికి!